సునామీకి ముందు నింపిన రాగి గొట్టం

హీలియం గాజులోంచి కూడా కారిపోతుంది. ఇక రబ్బరు సంగతి చెప్పనే అక్కర్లేదు. పుట్టినరోజు బెలూన్ మర్నాటికి ముడతలు పడి నేలమీద దొర్లుతూ ఉండటం మీరంతా చూసే ఉంటారు. అందుకే మేం దాన్ని రాగి గొట్టాల్లో పట్టేవాళ్లం. మూరెడు గొట్టం, రెండు చివర్లా ఇనుప బిగింపులు. నేలలోంచి వచ్చే వాయువును దాని గుండా చాలాసేపు పోనిచ్చి, లోపలున్న మామూలు గాలంతా వెళ్లిపోయిందనుకున్నాక, స్పానర్‌తో రెండు చివర్లూ బిగించాలి. రాగి నలిగి గోడకు గోడ అతుక్కుపోతుంది. ఆ తర్వాత అందులోంచి ఏదీ బయటికి పోదు, లోపలికి రాదు. నా ఉద్యోగంలో సగం ఇలాంటి గొట్టాలు బిగించడంలో, మిగతా సగం వాటిని విప్పి యంత్రం ముందు కూర్చోవడంలో గడిచిపోయింది.

ఈ మధ్య ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి, బారెన్ దీవి అగ్నిపర్వతం మీద దిగిన కథ రాయమని అడిగారు. రాయడానికేం, బాగానే ఉంటుంది. సముద్రం ఒప్పుకున్నప్పుడు దిగాం, ఒప్పుకోనప్పుడు పడవలో వాంతులు చేసుకుని వెనక్కి వచ్చాం. ఒప్పుకోని సార్లే ఎక్కువ. కానీ కాగితం ముందు పెట్టుకుంటే నాకు ఆ కొండ గుర్తు రావడం లేదు. బారాటాంగ్ దీవిలో మోకాలెత్తు కూడా లేని ఒక బురద గుట్ట, దాని పక్కన నాతోపాటు గొడుగు కింద కూర్చున్న మనిషి గుర్తొస్తున్నారు. ఆయన పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన ఉండగా ఇది రాసేదాన్ని కాదు.

నేను పోర్ట్‌బ్లెయిర్ చేరేసరికి సునామీ వచ్చి ఏడాది దాటింది. విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చాను, వాంతులతో దారి పొడవునా తల ఎత్తలేదు. నన్ను తీసుకెళ్లడానికి జెట్టీ దగ్గరికి వచ్చిన ఆయన నా మొహం చూసి, "సముద్రం మీద పనికి హర్ బార్ ఇలాంటోళ్లనే పంపుతారు" అని నవ్వారు. అదే మా పరిచయం.

మా చిన్న పరిశోధన కేంద్రానికి ఆయనే పెద్ద. భూగర్భ శాస్త్రం చదివిన మనిషి. పుట్టిందీ పెరిగిందీ పోర్ట్‌బ్లెయిర్‌లోనే, సముద్రం ఒడ్డునున్న జంగ్లీఘాట్‌లో. శ్రీకాకుళం తీరం నుంచి ఎప్పుడో తాతల నాడు వచ్చి స్థిరపడిన చేపల వేట కుటుంబం. హిందీ మీడియంలో చదువుకున్నారు కాబట్టి తెలుగు గలగలా మాట్లాడటమే తప్ప చదవడం నెమ్మది. ఆలస్యంగా ఓడలో వచ్చే వారపత్రికలు నా చేత చదివించుకునేవారు. "నువ్వు పుస్తకం లాగ మాట్లాడతావమ్మా. మా అక్క నిన్ను చూస్తే భయపడిపోద్ది" అనేవారు.

అక్క భయపడలేదు. మొదటిసారి వాళ్లింటికి వెళ్లిన రోజే పీట వేసి, చేపల పులుసు పెట్టి, నా చదువెంత, పెళ్లెప్పుడు, అన్నీ అడిగేసింది. ఆయన మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు గొంతు తగ్గించి చెప్పింది. తమ్ముడి భార్య కార్ నికోబార్‌లో టీచరుగా చేసేదట. కూతురు తల్లి దగ్గరే ఉండి చదువుకునేది. క్వార్టర్స్ సముద్రం ఒడ్డునే. సెలవులకు ఇద్దరూ పోర్ట్‌బ్లెయిర్ రావాల్సింది, ఓడలో సీటు దొరక్క ఆగిపోయారు.

"ఇద్దర్లో ఒక్కలూ దొరకనేదమ్మా," అంది. అంతలో ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చారు. అక్క నా కంచంలో ఇంకో ముక్క వేసింది.

దీవుల్లో ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడ చాలా ఇళ్లలో ఇలాంటి ఖాళీ ఒకటి ఉంటుంది. దాని గురించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మనమే చూసుకుని నడవాలి.

మా పని ఇదీ. తెల్లవారకముందే ట్రంక్ రోడ్డు మీద కాన్వాయ్‌లో బయల్దేరి, పంటు మీద జీపును సముద్రపు పాయ దాటించి బారాటాంగ్ చేరేవాళ్లం. రంగత్ వైపు వెళ్లే బస్సులు మాకు ముందో వెనకో వచ్చేవి. అడవిలో కాస్త ఎక్కితే ఆ బురద గుట్టలు. టూరిస్టులు దూరం నుంచి వచ్చి, చెమట తుడుచుకుంటూ కంచె దగ్గర నిలబడి, బుడగ ఒకటి లేచి టప్పున పగలడం చూసి, "బస్, ఇత్నా హీ?" అని, ఇంతేనా అన్నట్టు పెదవి విరిచి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు. బురద అగ్నిపర్వతం అని బోర్డు పెడితే నిప్పు కోసం చూస్తారు కదా.

మేం కంచె దాటి, బుడగలు లేచే చోట గరాటు బోర్లించి, దానికి గొట్టం తగిలించి, గొడుగు కింద కూర్చునేవాళ్లం. ఆయన నాకు ఈ శాస్త్రం అంతా అక్కడే నేర్పారు.

"హీలియం రెండు రకాలు. బరువైంది రాళ్లలో యురేనియం, థోరియం ఉంటాయి కదా, వాటిలోంచి రోజూ పుడతానే ఉంటది. తేలికది అలాక్కాదు. భూమి పుట్టినప్పుడు ఎంత ఇరుక్కుందో దాదాపు అంతే. అది కింద ఉంటది, బహుత్ నీచే. పైకొచ్చే గ్యాసులో ఆ తేలికది పెరిగిందంటే, కింద ఎక్కడో తలుపు తెరుచుకున్నట్టు."

"తెరుచుకుంటే ఏమవుతుంది సార్?"

"చాలాసార్లు ఏం కాదు. ఎప్పుడైనా భూమి కదలొచ్చు. కదిలేముందు తెరుచుకుంటదా, కదిలాక తెరుచుకుంటదా, అది తెలీదు. తెలిస్తే బాగుండును."

ఆఖరి మాట ఆయన మామూలుగానే అన్నారు. నేను మాత్రం ఆయన వైపు చూడలేకపోయాను.

అలా కొన్నేళ్లు నడిచింది. గొట్టాలు నింపడం, మెయిన్‌లాండ్‌లో మా పెద్ద ప్రయోగశాలకు పంపడం, అక్కడి నుంచి అంకెలు రావడం. బారాటాంగ్ అంకె, అంటే తేలిక హీలియం పాలు, ఎప్పుడూ చిన్నదే. రాళ్లలో పుట్టిన బరువు హీలియమే దాదాపు అంతా. కింది తలుపు మూసే ఉందన్నమాట. ఆయన అంకె చూసేవారు, తల ఊపేవారు, ఫైల్లో పెట్టేవారు.

ఒక ఎండాకాలం ఆ అంకె పెరిగింది. తర్వాతి గొట్టంలో ఇంకా పెరిగింది. మూడోది కూడా పెరిగేసరికి ప్రయోగశాల పెద్దాయన స్వయంగా ఫోన్ చేశారు. మంచి శాస్త్రవేత్త, ఉత్సాహం పాలు కాస్త ఎక్కువ. సార్ ఫోన్ స్పీకర్లో పెట్టారు, నేనూ విన్నాను. "ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. వరసగా మూడు. నియాన్ కొలిచే భాగం రిపేర్లో ఉంది, అది తర్వాత చూసుకుందాం. ముందు మీకు చెప్పకుండా ఉండలేకపోయాను" అన్నారాయన.

ఆ నియాన్ సంగతి తర్వాత చెప్తాను. అప్పుడు మేమిద్దరం ఆ మాట పట్టించుకోలేదు. సార్ ఫోన్ పెట్టేసి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి లేచి చెప్పులేసుకున్నారు. ఆయన మొహం నాకు నచ్చలేదు. నేనూ వెంట వెళ్లి ఆటో ఎక్కాను.

జంగ్లీఘాట్‌లో అక్క వల బాగుచేస్తూ గుమ్మంలో కూర్చుని ఉంది. బావ, మేనల్లుడు డుంగీ పడవ ఇంజను విప్పుకుని దాని చుట్టూ కూర్చున్నారు.

"అక్కా, కొన్నాళ్లు అందరూ ప్రోతరాపూర్ వచ్చీండి. మా ఇంటికి. ఇయ్యాలే," అన్నారు సార్.

"ఏటయిందిరా?"

"ఏం కాలేదు. మాట విను, బస్."

"ఎల్లుండి ఏటకెళ్లాల. ఇంజను ఇప్పుడే..." అని బావ అనబోయాడు. అక్క చెయ్యి అడ్డంపెట్టింది. తమ్ముడి మొహంలోకి చూసింది. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. లోపలికెళ్లి బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది.

దేవుడి పటం, కుక్కర్, మూటలు ఆటోలో ఎక్కుతూంటే పక్కింటామె గోడ మీంచి, "దీదీ, కహాఁ జా రహే హో?" అని అడిగింది. అక్కకు అబద్ధం చెప్పడం రాదు. "తమ్ముడు రమ్మన్నాడు, ఎందుకో సెప్పడు" అంది. తమ్ముడు ఏం పని చేస్తాడో ఆ వీధిలో అందరికీ తెలుసు.

పొద్దుగూకేలోపు జంగ్లీఘాట్ సగం కదిలింది. ఎవరూ చాటింపు వెయ్యలేదు, ఎవరూ సునామీ అనలేదు. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని ఎత్తు మీదికి నడిచారు. నీళ్లను ఒకసారి చూసినవాళ్లు కదా, వాళ్లను ఆపడం ఎవరి వల్ల అవుతుంది? పోలీసు జీపు మైకులో ఎలాంటి హెచ్చరికా లేదని చెప్తూ తిరిగితే, మైకు తిరుగుతోందంటే ఏదో ఉందని మిగతావాళ్లూ బయల్దేరారు.

ఆ నడకలో ఒక ముసలామె పడిపోయింది. అక్కావాళ్ల వీధి చివర ఇల్లు. సునామీనాడు నడుం లోతు నీళ్లలో నడిచి బయటపడ్డ మనిషి. ఎక్కుడు దారిలో కాలు జారి తుంటి విరిగింది.

ఎత్తు మీదున్న ప్రోతరాపూర్‌లో ఆయన ఇల్లు రెండు గదులు. అక్క కుటుంబం, దాని వెనక వచ్చినవాళ్లు, వాళ్ల వెనక వచ్చినవాళ్లు. వాకిట్లో టార్పాలిన్ కట్టారు. అక్క పెద్ద గిన్నెలో అన్నం వండుతూనే ఉండేది. సార్ రేడియో దగ్గర కూర్చునేవారు, లేచి సముద్రం కనిపించే వైపు వెళ్లి వచ్చేవారు. పై ఆఫీసుల నుంచి ఫోన్లు వస్తే, "నేను ఎవరికీ హెచ్చరిక ఇవ్వలేదు. నా అక్కను ఇంటికి పిలుచుకున్నాను" అని మాత్రం చెప్పేవారు. అది నిజమే. ఆ నిజం ఆయనకే సరిపోవడం లేదని గొంతులో తెలిసిపోయేది.

ఇక నియాన్ సంగతి. బారాటాంగ్ వాయువులో నియాన్ దాదాపు ఉండదు. మనం పీల్చే గాలిలో ఉంటుంది. గొట్టంలో నియాన్ కనిపించిందంటే గాలి దూరిందని లెక్క. గాలిలోని హీలియంలో తేలిక రకం పాలు, ఆ బురద వాయువులో కంటే చాలా ఎక్కువ. అంటే, కాస్త గాలి కలిసినా అంకె పెరుగుతుంది. భూమి లోతుల్లో తలుపు తెరుచుకున్నట్టే కనిపిస్తుంది. ఆ ఎండాకాలం బుడగలు బాగా తగ్గిపోయాయి. గొట్టంలోని గాలిని పూర్తిగా తోసేసేంత వాయువు నేలలోంచి రాలేదు. బిగించేటప్పుడు అది తెలిసే దారి లేదు. యంత్రం బాగుపడితేనే తెలుస్తుంది.

బాగుపడింది. ప్రయోగశాల పెద్దాయన ఈసారి ఆఫీసుకు ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. ఆయన గొంతులో ఉత్సాహం లేదు. అంకెలు చెప్పారు, రాసుకున్నాను. "ఆయనకు నేను చెప్పనా, మీరు చెప్తారా?" అని అడిగారు. నేనే చెప్తానన్నాను. బస్సులో ప్రోతరాపూర్ వెళ్తున్నంతసేపూ ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించాను.

మొదలుపెట్టే పని పడలేదు. వాకిట్లో నన్ను చూడగానే ఆయన, "నియాన్ ఎంత?" అన్నారు.

చెప్పాను. ఆయనకు విడమర్చాల్సిన అవసరం ఏముంది.

"హవా," అన్నారు నెమ్మదిగా. "మనం పీల్చే గాలి."

టార్పాలిన్ కింద ఉన్నవాళ్లందరూ ఇటే చూస్తున్నారు. ఆయన వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడ్డారు. "నేను పొరపాటు పడ్డాను. ఏం రాదు. ఇళ్లకు వెళ్లిపోండి" అన్నారు. ఫోన్ చేసినవాళ్ల పేరు ఎత్తలేదు, రిపేర్ అయిన యంత్రం మాట ఎత్తలేదు. ఒకతను ఏదో తిట్టబోతే ఇంకొకతను వారించాడు. వాళ్లు మూటలు సర్దుకుంటూంటే ఆయన ఒక్కొక్కళ్ల మూటా మోసుకెళ్లి రోడ్డు మీద పెట్టారు.

అందరికంటే ఆఖరున అక్క బయల్దేరింది. "నువ్వు పిలిస్తే మళ్లీ వొస్తానురా," అంది. ఆయన ఆమె మూట తీసుకుని ముందు నడిచారు.

తర్వాత రోజూ సాయంత్రం ఆయన ఆసుపత్రికి వెళ్లేవారు, ముసలామెకు గంజో అన్నమో పట్టుకుని. ఒకసారి నేనూ వెళ్లాను. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, "మంచికే సేసినావు బాబూ. మొన్న నీళ్లొచ్చినప్పుడు మాకెవలూ సెప్పనేదు కదా" అంది. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవారేమో. వార్డు బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడిపోయారు. ఆమె మళ్లీ నడవలేదు.

ప్రయోగశాల పెద్దాయన మెయిన్‌లాండ్ నుంచి విమానంలో వచ్చారు. తప్పు తనదేనని మా అందరి ముందూ ఒప్పుకున్నారు; అది చిన్న విషయమేం కాదు, పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లు అలా ఒప్పుకోవడం నా సర్వీసులో అరుదుగానే చూశాను. సార్‌తో కలిసి ఆసుపత్రికీ వెళ్లారు. తిరుగు ప్రయాణం ముందు టీ తాగుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు.

"అసలు మన దగ్గర ఉన్నవన్నీ సునామీ తర్వాతి శాంపిళ్లు. ముందటిది ఒక్కటి ఉన్నా, అంత పెద్ద భూకంపానికి ముందు ఏదైనా మారిందో లేదో తెలిసేది. లేదు కదా. ఏం చేస్తాం."

సార్ సగం తాగిన కప్పు బల్ల మీద పెట్టేసి లేచారు.

మర్నాడు నేను ఆఫీసుకు వచ్చేసరికి నా టేబుల్ మీద గుడ్డలో చుట్టిన గొట్టం ఉంది. రాగి నల్లబడింది, బిగింపుల మీద తుప్పు. సార్ ఎదురుగా కూర్చుని ఉన్నారు.

"బారాటాంగ్‌దే," అన్నారు. "సునామీ వచ్చిన నెల్లోనే, కొద్దిరోజుల ముందు నింపింది. ఈ ట్రిప్ ఉందనే నేను నికోబార్ వెళ్లలేదు. నువ్వే వచ్చెయ్ అన్నాను పాప వాళ్లమ్మతో. నేను వెళ్లుంటే ముందు ఓడకే తీసుకొచ్చేసేవాణ్ని."

ఆయన భార్య ప్రస్తావన ఆయన నోట వినడం నాకదే మొదలు. గొట్టాన్ని ముట్టుకోవడానికి కూడా చేతులు రాలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు పంపలేదు సార్?"

"పంపితే అంకె వస్తది కదమ్మా." గుడ్డ అంచు గొట్టం మీదికి సర్దారు. "పెరిగి ఉంటే? అంటే భూమి నాకు ముందే చెప్పింది. నేను దాన్ని బిగించి, తెచ్చి, బీరువాలో పెట్టాను. న్యూ ఇయర్ అయ్యాక పంపుదాంలే అని."

"ఒక్క గొట్టంతో ఎవరూ ఏం చెప్పలేరు సార్. అప్పటికప్పుడు కొలిచే యంత్రం ఇక్కడ లేదు. అది మెయిన్‌లాండ్ చేరి, కొలిచి, తెలిసేసరికి..."

"అదంతా నేనూ చెప్పుకున్నాను. సౌ బార్, వందసార్లు," అన్నారు. "నా భయానికి ఆ ముసలమ్మ తుంటి విరిగింది. భూమి ముందే చెప్పిందా లేదా, ఆ మాత్రం తెలుసుకునైనా చావాలి కదా. తెరిపిద్దాం."

గొట్టం ఇద్దరం కలిసి తీసుకెళ్లాం. విమానంలో ఆయన దాన్ని పైన పెట్టనివ్వలేదు, ఒళ్లోనే పెట్టుకున్నారు. సునామీ తర్వాత ఆయన దీవులు దాటడం అదే మొదటిసారి అని దిగేటప్పుడు చెప్పారు.

ఈ కొలత గురించి మీకు తెలియాల్సింది ఒకటే. గొట్టాన్ని యంత్రానికి తగిలించి, మధ్యలో ఉన్న గాలినంతా పంపులు లాగేశాక, నలిగిన చోట మళ్లీ గుండ్రంగా అయ్యేలా నొక్కితే లోపలి వాయువు యంత్రంలోకి పోతుంది. ఉన్నది ఇంతే. పొరపాటు జరిగితే మళ్లీ తేవడానికి ఇంకోటి లేదు. ప్రయోగశాల పెద్దాయన తన మనుషులెవర్నీ ముట్టుకోనివ్వలేదు, తనే చేశారు.

సార్ స్టూలు మీద కూర్చున్నారు. గదిలో పంపుల చప్పుడు తప్ప ఏం లేదు. తెర మీద గీతలు వస్తున్నాయి.

ముందు నియాన్ వచ్చింది. లేనట్టే. మా కేంద్రం నుంచి అప్పటివరకూ వెళ్లిన గొట్టాలన్నిటిలోకీ అంత శుభ్రమైంది ఇంకోటి లేదు. ఇన్నేళ్లు బీరువాలో పడి ఉన్నా పిసరంత గాలి దూరలేదు. "ఎంత బాగా బిగించారు సార్," అన్నారు ప్రయోగశాల పెద్దాయన, అని నాలిక్కరుచుకున్నారు.

తర్వాత హీలియం.

అంకె మామూలుగా ఉంది. సునామీ తర్వాత ఏటేటా మేం చూస్తూ వచ్చిన అంకే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. పక్కపక్కన పెడితే ఏది ముందుదో ఏది తర్వాతిదో చెప్పలేం.

"అంటే?" అన్నారు సార్.

"అంటే... ఏం లేదు సార్. మామూలే. అక్కడ ఏ సూచనా లేదు."

"ఇంకోసారి చూడొచ్చా?"

"ఇక లేదు సార్. అయిపోయింది."

ఆయన తలూపారు. విప్పేసిన గొట్టాన్ని అడిగి తీసుకుని, చేత్తో కాసేపు తడిమి, అక్కడే బల్ల మీద పెట్టేశారు. నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. భూమి చెప్పలేదు, కాబట్టి ఆయన విననిదీ లేదు. ఇక ఆ బాధ నుంచి బయటపడతారని నిజంగా నమ్మాను. అప్పటికి హీలియం గురించి తెలిసినంత కూడా నాకు జీవితం గురించి తెలియదు.

పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాక ఆటోవాడితో ప్రోతరాపూర్ అంటారనుకున్నాను. "జంగ్లీఘాట్ చలో భయ్యా" అన్నారు.

మధ్యాహ్నం. బావ, మేనల్లుడు వేట నుంచి వచ్చి నిద్రపోతున్నారు. అక్క పెరటి గుమ్మంలో కత్తిపీట ముందు చేపలు శుభ్రం చేస్తోంది. మమ్మల్ని చూసి, "తిన్నారా?" అంది. సార్ ఆమె ఎదురుగా నేలమీదే కూర్చున్నారు. ప్యాంటు తడుస్తోందని కూడా చూసుకోలేదు.

"చెప్పలేదక్కా," అన్నారు.

"ఎవలు?"

"భూమి. తెరిపించి చూశాను. ఏం చెప్పలేదు. నీళ్లొచ్చే ముందు కూడా మామూలుగానే ఉంది."

అక్కకు ఎంత అర్థమైందో తెలియదు. చేప తిప్పి రెండో పక్క గీకుతోంది.

"నాదే తప్పనుకున్నాను అక్కా. నాకు చెప్పిందేమో, నేను చూసుకోలేదేమో అని. ఇన్నేళ్లు అదే పట్టుకుని ఉన్నాను. ఇప్పుడు అదీ లేదు. ఎవరి తప్పూ లేదంట. ఉత్తినే పోయారంట."

అక్క చేతులు ఆగాయి.

"పాపకి ఈత వచ్చక్కా," అన్నారు. గొంతు చాలా మామూలుగా ఉంది. "నేనే నేర్పాను."

"తెల్సురా," అంది అక్క. "నాకు తెల్దా? జెట్టీ కాడ నీళ్లల్లో దింపీసి ఒగ్గీసీవోడివి. నేను ఒడ్డున నిల్సోని నిన్ను తిట్టీదాన్ని. అది నవ్వీది."

ఆయన భుజాలు కదలడం మొదలైంది. చప్పుడు లేదు. అక్క చేతుల నిండా పొలుసులు. కడుక్కోవడానికి లేవలేదు. కత్తిపీట పక్కకు నెట్టి, ఆ చేతులతోనే తమ్ముడి తల ఒళ్లోకి తీసుకుంది. లోపల నుంచి బావ నిద్రలో ఏదో అడిగాడు.

నేను వీధిలోకి వచ్చి, ఎదురుచూస్తున్న ఆటోవాణ్ని వెళ్లిపొమ్మన్నాను.